పిచ్చుకమ్మకు కాస్త చోటివ్వండి

బియ్యం ఏరుతుంటే చేట పక్కకే వచ్చి నూకలు ఏరుకుపోయే పిచ్చుకలు మీకు గుర్తున్నాయా? మీ ఇంట ఆ కిచకిచలు విని ఎన్నాళ్ళయిందో ఒక్కసారి ఆలోచించండి.

విజయనగరంలో మాది పాత పెంకుటిల్లు. వసారా దూలానికి మా అత్తగారు ఏటా కొత్త వరి కంకుల కుచ్చు కట్టేవారు. "వాటి వాటా వాటికివ్వాలమ్మా" అనేవారు. దేవుడి పటం వెనక ఎప్పుడూ ఒక గూడుండేది. ఓ ఉగాదికి బూజులు దులుపుతూ, చెత్త రాలుస్తున్నాయన్న విసుగుతో ఆ గూడు లాగేశాను. అందులో రెక్కలు రాని మూడు పిల్లలున్నాయి. ఒక్కటీ బతకలేదు. తల్లి పిచ్చుక రెండు రోజులు పటం చుట్టూ తిరుగుతూనే ఉంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసింది నేనే! ఆ తర్వాత డాబా వేసుకున్నాం. చూరుతో పాటు పిచ్చుకలూ పోయాయి.

అసలు పిచ్చుక ఆయుష్షు ఎంతో తెలుసా? మామూలుగా రెండు, మూడేళ్ళే! అమెరికాలో కాలికి గుర్తు ఉంగరం వేసిన ఒక ఆడ పిచ్చుక 15 ఏళ్ళ 9 నెలల వయసులో 2004లో కనిపించింది కానీ అలాంటిది ఏ కోటికో ఒకటి. ఇంగ్లండు తీరాన లండీ అనే చిన్న దీవిలో 2000 సంవత్సరం నుంచి పిచ్చుకలన్నిటికీ ఉంగరాలు వేసి లెక్క చూస్తున్నారు. చుట్టూ సముద్రం కనుక అవి వేరే చోటికి పోవడం చాలా అరుదు. ఏది ఎన్నాళ్ళు బతికిందో బాగా తెలుస్తుంది.

పిచ్చుకకు మొదటి ఏడాదే గండం. అది దాటితేనే నాలుగు కాలాలు బతికేది. గుడ్లు పొదగడానికి దాదాపు 12 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఆ పసికూనలకు గింజలు అరగవు. పురుగులే పెట్టాలి. పెరట్లో మొక్క లేక, ఉన్నదానికీ మందు కొడితే తల్లి ఏం తెచ్చి పెడుతుంది చెప్పండి?

2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య నిలకడగానే ఉంది. హైదరాబాదు, చెన్నై వంటి మహానగరాల్లోనే తగ్గింది. అంటే మన ఊళ్ళలో ఇంకా సమయం మించిపోలేదు.

మనం చేయగలిగినవి ఇవీ:

• ఒక చెక్కపెట్టెకు ఒకటింబావు అంగుళం కన్నం పెట్టి, ఎండ తగలని గోడకు, పిల్లి అందుకోలేనంత ఎత్తులో తగిలించండి. ఫ్యానుకు దూరంగా ఉండాలి.

• మూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి. గుప్పెడు నూకలు చల్లండి.

• పెరటి మొక్కలకు పురుగుమందు మానండి.

• గూట్లో పిల్లలుంటే దులుపుడు ఓ నెల వాయిదా వేయండి.

మా పెట్టె మొదటి ఏడాది ఖాళీగానే ఉంది. రెండో ఏడు ఓ జంట గడ్డిపరకలు తెచ్చుకుంది. ఈ ఉగాదికి ఆ గోడ వైపు బూజుకర్ర పోనివ్వలేదు. ఇల్లు కాస్త మాసినా ఫర్వాలేదు లెండి, పిల్లలు ఎగిరాక దులుపుకోవచ్చు!