మొఖానికి సూదులు గుచ్చితే రంగొస్తదా?

మా అక్క బిడ్డకు 22 ఏండ్లు. ఇంట్ల మిషిన్ మీద జాకెట్లు కుడ్తది. లగ్గం ఖాయమైన వారానికి ఫోన్ చేసింది. "మామా, టౌన్ల ఒక క్లినిక్ కు పోవాలె, జర తోడొస్తవా?" అన్నది. ఏమైంది బిడ్డా అంటే, మొఖానికి సూదులు గుచ్చుతరట, రంగొస్తదట, మొటిమల మచ్చలు పోతయట. పది సిట్టింగులకు 15 వేలు. ఆర్నెల్లు జాకెట్లు కుట్టి కూడబెట్టిన పైసలు అవి. "పిల్ల జర రంగు తక్కువ" అని పెండ్లిచూపులల్ల ఎవరో అన్న మాట ఆమె మనసుల నాటుకున్నది.

పోయినం. టేబుల్ మీద గిన్నెల స్పిరిట్ పోసి సూదులు నానేసిన్రు. "కొత్త ప్యాకెట్ లేదా?" అని అడిగిన. "ఏం కాదు సార్, స్పిరిట్ల కడిగే వాడుతం" అన్నడు. పిల్లను తీసుకొని బయటికొచ్చిన. తొవ్వ పొడుగునా నాతోని మాట్లాడలే. ఉత్తగ వద్దంటే వినే వయసు కాదు గదా. అందుకే కూసొని చదివిన. ఆమెకు చెప్పిన ముచ్చటే మీకూ చెప్తున్న.

దీని పేరు ఫేషియల్ ఆక్యుపంక్చర్. వెంట్రుక లెక్క సన్నటి సూదులు నొసలు, చెంపలు, కండ్ల పక్కన గుచ్చి, ఇరవై ముప్పై నిమిషాలు ఉంచి తీస్తరు. కొందరు చేతులకు, కాళ్లకు కూడ పెడ్తరు. బొటాక్స్ వేరు, ఇది వేరు. బొటాక్స్ ల సూదితోని మందు ఎక్కిస్తరు, దాంతోని కండరం సడలుతది. ఇందుల మందేం ఉండది, ఉత్త సూదే. ఒంట్ల 'చీ' అనే శక్తి పారుతదని, సూదితోని దాని దారి సక్కగైతదని చైనా పాత వైద్యం చెప్తది. ఇప్పటోళ్లేమో, సూది గుచ్చిన కాడ చిన్న గాయమైతది, అది మానేటప్పుడు నెత్తురు బాగ పారి, చర్మాన్ని బిగువుగ ఉంచే కొలాజెన్ పెరుగుతది అంటరు.

ఆక్యుపంక్చర్ అంటేనే దొంగ వైద్యం అని నేనంటలేను. 1938ల జపాన్ దాడిల నలుగుతున్న చైనాకు మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు పోయిన్రు. అందుల కోట్నిస్ అక్కడనే పాణమిడిసిండు. ఇంకొకాయన బసు, తర్వాత మళ్ల చైనా పోయి ఈ విద్య నేర్చుకొని కలకత్తాకు తెచ్చిండు. 2019ల కేంద్ర సర్కారు ఆక్యుపంక్చర్ ను సొంత వైద్య పద్ధతిగ గుర్తించింది కూడ. కని గుర్తింపు వేరు, గ్యారంటీ వేరు. పద్ధతిని గుర్తించిన్రంటే, దాని పేరు మీద ఎవరేం బోర్డు రాసుకున్నా నిజమని కాదు.

మరి మొఖం సంగతేంది? 2013ల కొరియా పరిశోధకులు ఒక చిన్న పరిశీలన అచ్చేసిన్రు. 28 మంది ఆడోళ్లు, మూడు వారాలల్ల ఐదు సిట్టింగులు. చర్మం బిగువు కొంచెం పెరిగినట్టు కనవడ్డదన్నరు. కని రెండు మాటలు యాదికుంచుకోవాలె. ఒకటి, సూదులు గుచ్చని వేరే గుంపును పక్కన పెట్టి పోల్చలే. అట్ల పోల్చకపోతే సూదితోనే అయిందని ఎట్ల చెప్తరు? రెండోది, ఆ ఆడోళ్ల వయసు 40 నుంచి 59 ఏండ్లు. వాళ్లల్ల చూసింది సాగిన చర్మం సంగతి, రంగు సంగతి కాదు. మా పిల్లకు ముడతలే లేవు. రంగు అనేది చర్మంల ఉండే మెలనిన్ తోని వస్తది, పుట్టుకతోని వస్తది. సూది దాన్ని కడిగేస్తదా?

ఇగ అసలు భయం ఏందంటే, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి అంటుకోవచ్చు. స్పిరిట్ల ముంచితే సూది శుద్ధమైనట్టు కాదు. అమెరికాల న్యూమెక్సికో రాష్ట్రంల ఒక స్పాల 'వాంపైర్ ఫేషియల్' చేయించుకున్న ఆడోళ్లకు హెచ్ఐవి సోకింది. 2018ల ఆ స్పాను మూయించిన్రు. అది ఆక్యుపంక్చర్ కాదు, నెత్తురు తీసి మొఖానికెక్కించే వేరే పద్ధతి. కని సూది ఏ పేరుతోని గుచ్చినా, శుద్ధం లేకపోతే ముప్పు ఒక్కటే.

అయినా చేయించుకుంటమంటే మీ ఇష్టం. పోయే ముందు ఇవి చూడుర్రి. సీల్ ప్యాకెట్ మీ కండ్ల ముందట చింపాలె. వాడిన సూది మళ్ల గిన్నెలకు పోవద్దు, గట్టి డబ్బాలకు పోవాలె. ఏడ నేర్చుకున్నవని నిలదీసి అడగాలె. కమిలిపోవుడు, వాపొచ్చుడు మామూలే, కాబట్టి లగ్గం రెండు రోజులుందనంగ పోవద్దు. నెత్తురు పల్చగయ్యే మందులు వాడేటోళ్లు, గర్భవతులు డాక్టర్ ను అడగకుంట పోనే వద్దు. తెల్లగ చేస్తమని ఎవరన్నా అంటే, ఆడికెల్లి లేచి రావుడే.

మొటిమలకు మందులున్నయి. జిల్లా పెద్దాసుపత్రిల చర్మం డాక్టర్ ఉంటే ఓపీ చీటి తీసుకొని చూపించుకోవచ్చు. మా పిల్లను అట్లనే తీస్కపోయిన. రాత్రిపూట పూసుకోమని ఒక ట్యూబు రాసిచ్చిన్రు, నెలలు పడ్తదని చెప్పిన్రు. 15 వేలు ఆమె కాడనే ఉన్నయి.

రంగు మాట మాత్రం ఇంకా ఆమె మనసులనే ఉన్నది. దానికి ఏ దవాఖానల మందు లేదు. ఆ మాట అన్నోళ్లే మానాలె. పెండ్లిచూపులకు పోయే తమ్ముండ్లారా, ఈ ముచ్చట మీకే చెప్తున్న.