పంచాయతీ మనది, పెత్తనం ఎవరిది? చట్టం ఏం చెబుతోంది

కొత్తపేట: 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులకు ఆమోదం తెలపడం ఎజెండా. కొత్తపేట మండలం వానపల్లి సభకు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే వచ్చారు. ఇన్ని ఊళ్లలో జనం ఒకచోట కూర్చుని పనుల గురించి మాట్లాడుకోవడం మంచిదే. అయితే గ్రామసభ అంటే ఊరి ఓటర్లందరి సభ, చట్టప్రకారం దాన్ని పిలవాల్సింది సర్పంచ్. ఆ రోజు మాత్రం తేదీ, ఎజెండా రెండూ పైనుంచే వచ్చాయి.

పైనుంచి చెబితే సభ జరగడం మేలే కదా అనిపించవచ్చు. కానీ పైనుంచి చెబితే పన్ను కూడా పెరుగుతుంది, ఖాతాలో డబ్బు కూడా పోతుంది. గత కొన్నేళ్లలో ఈ రెండూ జరిగాయి. అలా చేసే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఎక్కడిది?

‘ఇవ్వవచ్చు’ అన్న ఒక్క మాట

73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలతో 11వ షెడ్యూలు, పట్టణాలకు 18 అంశాలతో 12వ షెడ్యూలు చేర్చారు. తాగునీరు, రోడ్లు, వీధి దీపాలు, చెత్త, కబేళాల నియంత్రణ, శ్మశానాలు, ఖబరస్తాన్‌ల వంటివి ఈ జాబితాల్లో ఉన్నాయి.

మెలిక ఎక్కడంటే, 243జి, 243డబ్ల్యూ అధికరణలు ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అంటాయి, ‘ఇవ్వాలి’ అనవు. అందుకే ఎంత ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో రాష్ట్రమే తేలుస్తోంది. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం రెండూ స్థానిక సంస్థల తీర్మానాలను రద్దు చేసే, పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారాన్ని ప్రభుత్వం దగ్గరే ఉంచాయి.

పన్ను సంగతి

2020 నవంబర్‌లో రాష్ట్రం మున్సిపల్ చట్టాలను సవరించింది. అప్పటిదాకా అద్దె విలువ మీద వేసే ఇంటి పన్నును ఆస్తి మూలధన విలువకు మార్చింది. నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం అని హద్దులు పెట్టింది. ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదంది.

దీని వెనుక ఇంకో మెట్టు ఉంది. కోవిడ్ సమయంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. అందులో పట్టణ ఆస్తి పన్ను ఒకటి. అప్పు రాష్ట్రానిది, షరతు కేంద్రానిది, బిల్లు కట్టింది పట్టణంలోని ఇంటి యజమాని. ఆ నిర్ణయం జరిగినప్పుడు మున్సిపాలిటీల్లో ఎన్నికైన కౌన్సిళ్లే లేవు, స్పెషల్ ఆఫీసర్ల పాలన నడుస్తోంది. అమలాపురం సహా పట్టణాలకు ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. కొత్త పన్ను విధానం ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. కొత్త కౌన్సిలర్లు కుర్చీలో సర్దుకునేలోపే హద్దులు ఖరారైపోయాయి.

చెత్త పన్నుదీ అదే దారి. 2021 అక్టోబర్ 2న మొదలైన క్లాప్ కార్యక్రమంతో పట్టణాల్లో ఇళ్ల నుంచి నెలనెలా ఛార్జీ వసూలు చేశారు. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో చంద్రబాబు దాని రద్దు ప్రకటించారు. జనానికి ఊరట దొరికింది. కానీ వేసిందీ రాష్ట్రమే, తీసిందీ రాష్ట్రమే. పార్టీ మారింది, పద్ధతి మారలేదు.

సచివాలయం, సర్పంచ్, ఖాతా

గ్రామ, వార్డు సచివాలయాలను 2019 అక్టోబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ తూర్పుగోదావరి జిల్లా కరపలో ప్రారంభించారు. అప్పటికి పంచాయతీల్లో సర్పంచులు లేరు. తర్వాత 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి, ఏప్రిల్ 3న సర్పంచులు ప్రమాణం చేశారు. సరిగ్గా అంతకు తొమ్మిది రోజుల ముందు, మార్చి 25న, సచివాలయాల్లో కీలక అధికారాలను గ్రామ రెవెన్యూ అధికారులకు ఇస్తూ జీవో 2 వచ్చింది. ఒక సర్పంచ్ హైకోర్టుకు వెళ్లగా, జులైలో కోర్టు దాన్ని సస్పెండ్ చేసింది.

అదే ఏడాది పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను పాత కరెంటు బకాయిలకు సర్దేశారు. పంచాయతీ తీర్మానం లేకుండా ఎలా తీస్తారని సర్పంచులు రోడ్డెక్కారు. వీధి దీపాలు, మోటార్ల బకాయిలు పంచాయతీలవే కదా అన్నది ప్రభుత్వ వాదన. బాకీ నిజమే కావచ్చు. కానీ ఖాతాదారు సంతకం లేకుండా డబ్బు తీయడం వేరే సంగతి.

రాష్ట్రం చేయి వేయలేనిది

అధికారాల్లో రాష్ట్రానికి స్వేచ్ఛ ఉన్నా, ఎన్నికల విషయంలో లేదు. పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది ముగిసేలోపు ఎన్నికలు పూర్తి కావాలి. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2020 ఏప్రిల్ 10న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ ఆర్డినెన్స్ వస్తే, మే 29న హైకోర్టు కొట్టేసింది. పంచాయతీ ఎన్నికలు ఆపాలన్న రాష్ట్రం విజ్ఞప్తిని 2021 జనవరి 25న సుప్రీంకోర్టు తిరస్కరించింది.

అయినా 2018 ఆగస్టులో గడువు ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. రెండున్నరేళ్లు స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. హక్కు రాజ్యాంగంలో ఉన్నా, కోర్టు మెట్లెక్కితే గానీ చేతికి రాలేదు.

రెండో వైపు

చాలా పంచాయతీలకు సొంత ఆదాయం తక్కువ, సిబ్బంది లేరు, లెక్కల్లో తేడాలూ వస్తుంటాయి. అన్ని ఊళ్లకూ ఒకే స్థాయి సేవ అందాలంటే రాష్ట్రం చూసుకోవాలన్న మాట కొట్టిపారేయలేం. కానీ చేతకాదంటూ అధికారం లాగేసుకుంటే ఎప్పటికీ చేతకాదు. కేరళ 1996లో మొదలుపెట్టిన ప్రజా ప్రణాళికలో, ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇచ్చింది. కేరళకూ ఇదే రాజ్యాంగం, అందులోనూ ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది.

ఓటరు ఏం చేయొచ్చు

ఖబరస్తాన్ ప్రహరీకో, డ్రైనేజీకో నిధులు లేవని పంచాయతీ చెబితే అక్కడితో ఆగనక్కర్లేదు. ఎంత వచ్చింది, ఎంత తీశారు, ఏ తీర్మానంతో తీశారు అని సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తీర్మానం లేకుండా ఖర్చయితే ఆ సంగతి గ్రామసభలో మినిట్స్‌లో రాయించాలి. డబ్బు సర్పంచ్ వాడారా, పైవాళ్లు తీసుకున్నారా అన్నది ఆ కాగితం మీదే తేలుతుంది. ఎవరిని నిలదీయాలో కూడా అప్పుడే తెలుస్తుంది.