మీకు తెలుసా? వేదిక మీంచి బైబిళ్లు!

రాక్ కచేరీల్లో గిటార్ పిక్‌లు, డ్రమ్ కర్రలు జనంలోకి విసరడం మామూలే. కాలిఫోర్నియాకు చెందిన క్రైస్తవ మెటల్ బృందం స్ట్రైపర్ మాత్రం కొత్త నిబంధన ప్రతులు విసిరేది! 1983లో ఆ పేరు పెట్టుకున్న ఈ నలుగురి బట్టలూ గిటార్లూ అన్నీ పసుపు, నలుపు చారలే. ఆ చారల మూలం యెషయా 53:5. మన చర్చిల్లో గుడ్ ఫ్రైడే రోజు తప్పక వినిపించే వచనం. పాత ఇంగ్లిష్ బైబిల్లో అక్కడ ‘దెబ్బలు’ అనడానికి వాడిన మాటకి ‘చారలు’ అనే అర్థం కూడా ఉంది. ఎంత చక్కని ముడి! 1986 నాటి వాళ్ల ఆల్బమ్ ‘టు హెల్ విత్ ద డెవిల్’ అమెరికాలో పది లక్షలు దాటి అమ్ముడైంది.

ఆ తర్వాత ఇంకా కరకు సంగీతం వచ్చింది. గొంతు చించుకుని పాడే హార్డ్‌కోర్ బాణీలో ఫ్లోరిడా క్రైస్తవ బృందం అండర్‌ఓత్ చేసిన ఆల్బమ్ ‘డిఫైన్ ద గ్రేట్ లైన్’ 2006లో బిల్‌బోర్డ్ 200 పట్టికలో నేరుగా రెండో స్థానంలో అడుగుపెట్టింది. ఇంత అరుపులో భక్తి ఎక్కడుందని అడిగేవారున్నారు. కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. దావీదు మొరలు కొన్ని నెమ్మదిగా పాడేవి కావు.