పిల్ల కాక్టస్‌ను గుర్తుపట్టడం ఎలా?

డ్రాగన్ పండులోని నల్ల గింజల్ని కడిగి, తడి ఇసుకమట్టిలో చల్లి చూడండి. కొద్ది రోజుల్లో మొలకలొస్తాయి. కానీ అవి కాక్టస్ మొక్కలంటే ఎవరూ నమ్మరు! ముళ్లుండవు, దళసరిగా రెండు పచ్చని ఆకులుంటాయి. అవి బీజదళాలు. చిక్కుడు, మిరపలాగే కాక్టస్ కూడా ద్విదళబీజ మొక్కే మరి. తర్వాత ఆ రెండు ఆకుల మధ్య నుంచి నూగుముళ్లతో అసలు కాండం పైకొస్తుంది. నాగజెముడు మొలకా ఇంతే.

బంతిలా పెరిగే రకాలు వేరు. వాటి మొలక ఆకుపచ్చ పూసలా ఉంటుంది. బీజదళాలు పైన రెండు చిన్న మొనలుగా మాత్రమే కనిపిస్తాయి. నీళ్లు దాచుకునే పని కాండమే చూసుకుంటుంది.

ముళ్లను చూసి పేరు చెప్పేయవచ్చా? తొందరపడకూడదు. టెక్సస్, మెక్సికోల్లో పెరిగే ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్‌ అనే కాక్టస్‌కు పెద్దయ్యాక ముళ్లే ఉండవు, మొలకగా ఉన్నప్పుడు మాత్రం చిన్న ముళ్లుంటాయి! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

ఒక మొక్క అసలు కాక్టసేనా అన్నది మాత్రం భూతద్దంతో తేల్చవచ్చు. ముళ్లు నూగులాంటి చిన్న మెత్త నుంచి పుడితే కాక్టసే. ఆ మెత్తను ఏరియోల్ అంటారు. కాక్టస్‌లా కనిపించే యుఫోర్బియా జెముళ్లకు అది ఉండదు, గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కళ్లకు ప్రమాదం, గిల్లకండి.

చాలా రకాల్ని పూత పూసేదాకా నిపుణులు కూడా కచ్చితంగా చెప్పలేరు. అందుకే గింజలు చల్లిన రోజే పేరు, తేదీ రాసిన చీటీ కుండీలో గుచ్చండి.