వడగళ్ళకు పగ్గం వేయగలమా?

అది ఏప్రిల్ నెల. సికింద్రాబాద్‌లోని మా బడిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. పొద్దుటినుంచీ ఒకటే ఉక్క. మధ్యాహ్నం మూడు గంటలకల్లా పడమట నల్లటి మబ్బు లేచింది. కాసేపటికి వరండా రేకులమీద టపటపమని చప్పుడు. ఇక పాఠం సాగుతుందా! వాన వెలిసి, ఉరుములు ఆగాక పిల్లలు ఆటస్థలంలోకి పరుగెత్తి దోసిళ్ళతో వడగళ్ళు ఏరుకొచ్చారు. కొన్ని శనగగింజలంత, కొన్ని రేగుపళ్ళంత ఉన్నాయి.

అందరూ కేరింతలు కొడుతుంటే ఒక అబ్బాయి మాత్రం దిగులుగా నిలబడ్డాడు. "మా తాతయ్య తోటలో మామిడికాయలన్నీ రాలిపోయి ఉంటాయి సార్" అన్నాడు. కాసేపాగి, "విమానాల్లో వెళ్ళి వాన కురిపిస్తారట కదా! అలాగే వడగళ్ళను ఆపలేరా?" అని అడిగాడు.

ఆ దిగులు ఒక్క తోటది కాదు. 2023 మార్చిలో తెలంగాణలో కురిసిన వడగళ్ళ వానలకు సుమారు 2 లక్షల 28 వేల ఎకరాల్లో పంట దెబ్బతిన్నదని ప్రభుత్వం లెక్కకట్టింది. మొక్కజొన్న, వరి, మామిడి రైతులు ఎక్కువగా నష్టపోయారు. కాబట్టి ఆ అబ్బాయి ప్రశ్నను మనమూ పరిశీలిద్దాం.

వడగల్లు ఎలా పెరుగుతుంది?

వేసవిలో నేల బాగా కాగినప్పుడు తేమగాలి వేగంగా పైకి లేచి, గోపురంలాంటి క్యుములోనింబస్ మేఘం తయారవుతుంది. మన ప్రాంతంలో ఆ కాలంలో నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు దాటితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకంటే తక్కువ. అయినా అక్కడి నీటిబిందువులన్నీ వెంటనే గడ్డకట్టవు. మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా చాలా బిందువులు నీరుగానే ఉంటాయి. దీనిని అతిశీతల జలం అంటారు.

పటికబెల్లం కట్టడానికి పాకంలో దారం వేలాడదీస్తారు కదా! అలాగే ఈ నీరు గడ్డకట్టడానికీ ఒక ఆధారం కావాలి. ఏ మంచుపలుకో దొరికితే బిందువులు దానిమీద పడి గడ్డకడతాయి. పైకి లేచే గాలి దానిని కిందపడనివ్వదు. అది పొర మీద పొర పేర్చుకుంటూ పెరుగుతుంది. చివరకు గాలి మోయలేనంత బరువెక్కి నేలమీద పడుతుంది. పెద్ద వడగల్లును వేడిచేసిన తీగతో రెండుగా కోసి చూడండి. ఉల్లిపాయలోలాగా పొరలు, కొన్ని తెల్లగా, కొన్ని గాజులా, కనిపించవచ్చు.

లడ్డూల లెక్క

1946లో అమెరికాలో బెర్నార్డ్ వానెగట్ అనే శాస్త్రవేత్త, సిల్వర్ అయొడైడ్ స్ఫటికాల అమరిక మంచు స్ఫటికాల అమరికను పోలి ఉంటుందని గుర్తించాడు. ఆ పొగను అతిశీతల జలంలోకి వదిలితే అది మంచుగా మారింది. మేఘంలో విత్తనాలు చల్లడమంటే ఇదే. ఒక్క గ్రాము సిల్వర్ అయొడైడ్‌నుంచి కోటానుకోట్ల 'విత్తనాలు' వస్తాయి.

మరి మంచును పెంచే పదార్థంతో వడగళ్ళను ఎలా ఆపుతారు? అమ్మ లడ్డూలు చుట్టడం గుర్తుచేసుకోండి. ఉన్న పిండితో పది లడ్డూలు చుడితే పెద్దవి, వంద చుడితే చిన్నవి అవుతాయి. మేఘంలోని అతిశీతల జలం ఆ పిండి అనుకోండి. దానికోసం ఎక్కువ మంచుపలుకులు పోటీపడితే ఏ ఒక్కటీ పెద్దది కాలేదు. మూడు సెంటీమీటర్ల వ్యాసమున్న వడగల్లులోని మంచును 27 సమానభాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక సెంటీమీటరు గోళీ అవుతుంది. చిన్నది మెల్లగా పడుతుంది, దారిలోని వెచ్చని గాలికి చాలావరకు కరుగుతుంది. అందుకే విమానాలు మేఘం అడుగున, గాలి పైకి లేచేచోట, రెక్కలకు అమర్చిన కడ్డీలు వెలిగించి ఈ పొగను వదులుతాయి. కెనడాలోని ఆల్బర్టాలో బీమా కంపెనీల ఖర్చుతో 1996లో ఈ పని మొదలైంది.

మన రాష్ట్రంలోనూ 2003 నుంచి కొన్నేళ్ళపాటు విమానాలతో మేఘమథనం జరిగింది. అయితే దాని లక్ష్యం కరువుసీమల్లో వాన కురిపించడం, వడగళ్ళను ఆపడం కాదు.

మబ్బు మంచితనమా, మన గొప్పతనమా?

విత్తనాలు చల్లాం, వడగళ్ళు పడలేదు. అది మన గొప్పేనా? చల్లకపోయినా పడేవి కావేమో! ఒక ఊరిని ముంచెత్తిన వడగళ్ళు పక్క ఊరిలో ఒక్కటీ పడకపోవడం మీరూ చూసే ఉంటారు. ఒకే మేఘాన్ని విత్తనాలతో ఒకసారి, లేకుండా ఒకసారి పరీక్షించలేం కదా!

అందుకే అమెరికాలోని కొలరాడోలో 1972 నుంచి 1974 వరకు మూడు వేసవుల్లో, ఏ రోజు చల్లాలో, ఏ రోజు మానాలో చీట్లు తీసినట్టుగా నిర్ణయించి పరీక్షించారు. రెండు రకాల రోజుల మధ్య నమ్మదగిన తేడా తేలలేదు. సోవియట్ యూనియన్‌లో రాకెట్లతో వడగళ్ళను బాగా తగ్గించామని చెప్పుకునేవారు. అదే పద్ధతిని స్విట్జర్లాండులో 1977 నుంచి 1981 వరకు పరీక్షిస్తే అక్కడా గట్టి రుజువు దొరకలేదు. మేఘంలో సరైనచోటికి, సరైన సమయంలో, చాలినన్ని విత్తనాలు చేర్చడం చాలా కష్టం. లెక్క తప్పితే వడగళ్ళ సంఖ్య పెరిగే ప్రమాదమూ ఉంది.

అంటే ఆలోచన తప్పని తేలలేదు, ఒప్పని కూడా తేలలేదు. లడ్డూల లెక్క ఎంత ముచ్చటగా ఉన్నా అది రుజువు కాదు. రైతు సొమ్ము ఖర్చుపెట్టే ముందు రుజువు అడగడం మన బాధ్యత.

ఈలోగా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. డాప్లర్ రాడార్ రాబోయే గాలివానను ముందే పసిగడుతుంది. ఆ హెచ్చరిక అందితే కల్లంలోని మిర్చిని, ధాన్యాన్ని కప్పుకోవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటలమీద వలలు కడతారు. యాసంగి వరిని ముందుగా నాటి, వడగళ్ళు పడేలోగా కోయడం మరో ఉపాయం.

మీరూ ఒక పని చేయవచ్చు. థర్మోకోల్ పలకకు అల్యూమినియం రేకు చుట్టి, గాలికి ఎగరకుండా మేడమీద బిగించండి. వడగళ్ళు దానిమీద గుంటలు చేస్తాయి. ఉరుములు పూర్తిగా ఆగాకే వెళ్ళి ఆ గుంటలను లెక్కపెట్టి, కొలిచి, తేదీ వేసి రాసుకోండి. శాస్త్రవేత్తలు వాడే పరికరమూ దాదాపు ఇలాంటిదే.

ఆ అబ్బాయితో కూడా అదే చెప్పాను. మర్నాడే థర్మోకోల్ పలక తెచ్చాడు.