అతిభార పరమాణు కేంద్రకములు

నెల్లూరు మండలమునకు పడమట ఉదయగిరి కొండ నిలిచియున్నది. ఆ కొండరాళ్లయందును, ఆత్మకూరు ప్రాంతమున పాఱు పెన్నానది యిసుకయందును యురేనియము అత్యల్పముగా కలిసియున్నది. ప్రకృతిలో చెప్పుకొనదగిన పరిమాణమున దొరకు మూలకములలో ఇదియే మిక్కిలి బరువైనది. దీనిని మించిన మూలకములు రాళ్లలో ఏల కానరావు?

ప్రతి పరమాణువు నడుమను కేంద్రకము గలదు. అందు ధనవిద్యుత్తు గల ప్రోటానులును, విద్యుత్తు లేని న్యూట్రానులును కూడియుండును. ప్రోటానులు ఒకదానినొకటి త్రోసికొనును. కేంద్రకబలము అన్నిటిని బంధించియుంచును. కాని యది ప్రక్కప్రక్కనున్న కణముల నడుమనే పనిచేయును. వికర్షణమో దూరమున నున్నవానికిని సోకును. కావున ప్రోటానులు పెరిగినకొలది వికర్షణము పైచేయి యగును. అప్పుడు కేంద్రకము ఆల్ఫాకణములను వెడలగ్రక్కును, లేదా రెండుగా చీలును. యురేనియము 238 సగము క్షయించుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. అందుచేతనే భూమి పుట్టిననాటి యురేనియములో దాదాపు సగము నేటికిని మిగిలియున్నది.

ఇంతియే యైనచో సుమారు 104 ప్రోటానులకు మించిన కేంద్రకము నిలువజాలదు. కాని 1949లో మరియా గోపర్ట్ మేయరు, యెన్సెను అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా మరియొక విషయమును వివరించిరి. కేంద్రకములోని కణములు అంతస్తులుగా అమరియుండును. ప్రోటానులు గాని న్యూట్రానులు గాని 2, 8, 20, 28, 50, 82 అయినప్పుడును, న్యూట్రానులు 126 అయినప్పుడును ఒక అంతస్తు నిండును, కేంద్రకము దృఢమగును. 82 ప్రోటానులు, 126 న్యూట్రానులు గల సీసము ఇందుకు నిదర్శనము. దాదాపు ఆ కాలముననే విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయములో స్వామి జ్ఞానానందగారు కేంద్రకశాస్త్ర పరిశోధనకు పునాది వేసిరి.

శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గాని ఉదయగిరి దుర్గమును గెలువలేకపోయెను. కోటగోడ బయటివారిని లోనికి రానీయదు. నిండిన అంతస్తుల వలన ఏర్పడు శక్తిగోడ లోపలి కణములను వెలికి పోనీయదు.

114 ప్రోటానులు, 184 న్యూట్రానులు కూడినచోట అట్టి గోడ యుండునని 1960 తరువాతి సంవత్సరములలో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. దానికి స్థిరత్వ ద్వీపమని పేరు. రష్యాలోని దుబ్నా పరిశోధనాలయమున ప్లుటోనియముపై కాల్షియము కేంద్రకములను మహావేగమున తాకించి, 114వ మూలకమును సృష్టించినట్లు 1999లో ప్రకటించిరి. దానికి 2012లో ఫ్లెరోవియమని పేరిడిరి. 175 న్యూట్రానులు గల ఫ్లెరోవియము అర్ధాయువు సుమారు రెండు సెకనులు. 118వ మూలకమైన ఒగనెస్సాను సెకనులో వేయవవంతైనను నిలువదు.

రెండు సెకనులు స్వల్పముగా తోచవచ్చును. అయినను ఆ గోడ కలదనుటకు అవి సాక్ష్యము. 184 న్యూట్రానులు గల ఫ్లెరోవియము ఇంతవరకు ఎవరికిని చిక్కలేదు. అన్ని న్యూట్రానులను సమకూర్చగల కేంద్రకముల జంట దొరకకపోవుటయే అందుకు కారణము. ఆ ద్వీపమునందలి కేంద్రకములు నిమిషములు నిలుచునో, సంవత్సరములు నిలుచునో లెక్కలు ఏకీభవించుట లేదు. ప్రయోగమే దానిని తేల్చవలయును.