ఐదేళ్ల కథ అరగంటలో ఎందుకు తేలిపోతుంది?

మా ఎదురింటి పిల్ల ఏడో తరగతి చదువుతోంది. లెక్కల్లో సందేహం వస్తే నా దగ్గరికి వస్తుంది. మొన్న మాత్రం పుస్తకం లేకుండానే వచ్చింది. "మాష్టారూ, మా నానమ్మ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు" అంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. అదేం కాదట. ఐదేళ్లుగా చూస్తున్న సీరియల్ అయిపోయిందట. ఐదేళ్లపాటు ఇంటిల్లిపాదినీ ఏడిపించిన ఆడపడుచు ఒక్క పూటలో తప్పులన్నీ వరసపెట్టి ఒప్పేసుకుని వదిన కాళ్ల మీద పడింది. తప్పిపోయిన కొడుకు గుళ్లో దొరికాడు. జైల్లో ఉన్న మామగారు ఎలా బయటికొచ్చాడో ఎవరూ చెప్పలేదు గానీ, ఆఖరి సీనులో పట్టుపంచె కట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. అందరూ పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి నవ్వారు. శుభం. నానమ్మ రిమోట్ పక్కన పెట్టి "ఇంతేనా?" అందట.

"అంత పెద్ద టీవీ వాళ్లకి కథ ముగించడం కూడా రాదా మాష్టారూ?"

నవ్వి పంపించేసే ప్రశ్న కాదిది. రాదు అని సరిపెట్టుకోవడానికీ లేదు. కథ చెప్పడం రానివాళ్లయితే నానమ్మని ఐదేళ్లు, రోజూ రాత్రి ఏడున్నరకి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవకుండా కూర్చోబెట్టగలిగేవాళ్లు కాదు. అంతసేపు కూర్చోబెట్టడం వచ్చినవాళ్లకి, తృప్తిగా లేపి పంపడం ఎందుకు చేతకాలేదు?

మనందరికీ తెలిసిన కథతో మొదలుపెడదాం. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. కారణం అడిగితే అది గడ్డిమేటు మీద నెపం పెడుతుంది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు బువ్వ పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లాడి మీద, పిల్లాడు కుట్టిన చీమ మీద. చీమ దగ్గరికొచ్చేసరికి పిల్లాడు పుట్టలో వేలు పెట్టాడని తేలుతుంది. కథ అయిపోతుంది. ఇది విని "ఇంతేనా" అన్న పిల్లల్ని నేను చూడలేదు. ఎందుకంటే మొదట అడిగింది ఒక్కటే ప్రశ్న. ప్రతి మెట్టూ దాన్ని ఒక అడుగు ముందుకి జరిపింది, పక్కకి లాగలేదు. చీమ మాట విన్నాక వెనక్కి చూస్తే పిల్లాడి ఏడుపు నుంచి ఎండని చేప దాకా అన్నీ వాటి వాటి చోట్లలో కూర్చుంటాయి.

ఇప్పుడు ఇదే కథని అమ్మమ్మ కరెంటు పోయిన రాత్రి చెబుతోందనుకుందాం. ఉక్కపోత, పిల్లలకి నిద్ర రాదు. కరెంటు వచ్చేదాకా కథ సాగాలి. అందుకని ఆవుకి ఒక తప్పిపోయిన దూడని పెడుతుంది. పాలేరుకి పట్నంలో ఒక మేనమామని పెడుతుంది. ఆ మేనమామకి ఒక ఉత్తరం వస్తుంది. ఉత్తరంలో ఏముందో అడిగితే, "చెబుతాను ఆగండి" అంటుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు, కథ బ్రహ్మాండంగా ఉంది. ఇంతలో ఫ్యాను తిరిగింది. "చీమ కుట్టింది, చేప ఎండలేదు, పడుకోండి" అని అమ్మమ్మ అటు తిరిగి పడుకుంది. మరి దూడేది? ఉత్తరమేది?

అమ్మమ్మకి కథ చెప్పడం రాదా? వచ్చు. కానీ ఆ రాత్రి కథ ఎంత సాగాలో, ఎప్పుడు ఆగాలో తేల్చింది కథ కాదు, కరెంటు. రోజువారీ సీరియల్‌కి కూడా అలాంటి కరెంటు ఒకటుంది.

సినిమాకి మనం టిక్కెట్టు ఒక్కసారి కొంటాం. నవలా అంతే. సీరియల్‌ని రోజూ అమ్మాలి. అదీ నానమ్మకి కాదు, సబ్బులవాళ్లకీ నూనెలవాళ్లకీ. మధ్యమధ్య వచ్చే ప్రకటనలకి పది సెకన్లకి ఇంత అని లెక్కగట్టి ఛానెల్ డబ్బు తీసుకుంటుంది. ఎక్కువమంది చూస్తుంటే ఆ రేటు పెరుగుతుంది. ఎంతమంది చూస్తున్నారో తెలియడానికి కొన్ని ఇళ్లలో టీవీకి మీటర్లు బిగిస్తారు. బార్క్ అనే సంస్థ ఆ లెక్కల్ని వారం వారం, మామూలుగా గురువారం నాడు బయటపెడుతుంది. మనం టీఆర్పీ అనేది దీన్నే. అంటే సీరియల్ రాసేవాడికి వారానికోసారి పరీక్ష, వారానికోసారి మార్కులు. బాగా మార్కులు తెచ్చుకుంటున్న సీరియల్‌ని "కథ అయిపోయింది కదా" అని ఎవరాపుతారు? దాని బదులు కొత్తది పెడితే జనం చూస్తారో లేదో! కాబట్టి నడుస్తున్నంత కాలం నడపాల్సిందే.

నడపడం అంటే ఎంత? అరగంట ఎపిసోడ్‌లో ప్రకటనలు పోగా కథకి మిగిలేది 20, 22 నిమిషాలు. వారానికి ఐదు రోజులు వేసుకున్నా ఏడాదికి 260 ఎపిసోడ్లు. 22 లెక్కన మా ఎదురింటి పిల్ల చేత గుణకారం చేయించాను. 5,720 నిమిషాలు వచ్చింది. దగ్గర దగ్గర 95 గంటలు. రెండున్నర గంటల సినిమాలు ఏడాదికి 38 తీసినట్టు లెక్క. ఐదేళ్లకి 190. ఒకే కుటుంబం, అదే హాలు, అదే మెట్ల మీద! ఈ లెక్క వేశాక నాకు ఆ రచయితల మీద కోపం సగం తగ్గింది.

ఇంత కాలాన్ని దేనితో నింపాలి? సంఘటనలతో నింపుదామంటే రోజుకొకటి ఎక్కణ్ణుంచి వస్తుంది? రహస్యాలతో నింపడం తేలిక. ఒక రహస్యం పుట్టించి దాన్ని బయటపడనీయకుండా కాపాడితే చాలు, ఎన్నాళ్లయినా గడుస్తుంది. తెలిసినవాళ్లు నోరు విప్పబోయే క్షణంలో గుండెనొప్పి వస్తుంది. తలుపు చాటునుంచి విన్నవాళ్లకి సగమే వినపడుతుంది. ఫోనులో ఛార్జింగ్ అయిపోతుంది. నిజ జీవితంలో ఇన్ని ఫోన్లు ఇంత సమయం చూసుకుని ఆగిపోవు గానీ, అక్కడ ఆగకపోతే కుదరదు.

"కార్తీక దీపం" సంగతే చూడండి. స్టార్ మా ఛానెల్లో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా, 1,500 ఎపిసోడ్లు దాటి నడిచింది. మలయాళం "కరుత్తముత్తు" దీనికి మూలం. అక్కడి నాయిక ప్రేమీ విశ్వనాథే ఇక్కడ వంటలక్క అయింది. తనకి పిల్లలు పుట్టరని స్నేహితురాలు చెప్పిన అబద్ధాన్ని వంటలక్క భర్త డాక్టర్ బాబు నమ్మాడు, భార్యని అనుమానించాడు. కథంతా ఆ అనుమానం మీద నిలబడింది. ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే పోయేదానికి ఇన్నేళ్లు ఎందుకని తెలుగునాట జోకులే జోకులు. అతను స్వయంగా డాక్టరు మరి! జోకు బాగుంది గానీ, రాసేవాడి వైపు నుంచి చూడండి. ఆ పరీక్ష జరిగిన వారమే కథకి ప్రాణం పోతుంది. జనం దేనికోసం కూర్చున్నారో అదే పెట్టకూడదు. పెట్టేస్తే లేచి వెళ్లిపోతారు.

ఇక్కడే ముగింపుకి చిక్కు వచ్చి పడుతుంది. ఎదురుచూపు పెరిగే కొద్దీ, రావాల్సిన జవాబు ఎంత గొప్పగా ఉండాలో కూడా పెరుగుతుంది. పెళ్లిలో పన్నెండింటికి వడ్డిస్తే పప్పూ వంకాయకూరా అమృతంలా ఉంటాయి. మధ్యాహ్నం మూడున్నర దాకా వంటశాల వాసనలు చూపించి, అప్పుడు విస్తట్లో అదే పప్పు వేస్తే? పప్పు మారలేదు. ఆ మూడున్నర గంటల ఆకలికి అది చాలదు. ఐదేళ్లు దాచిన రహస్యానికి ఏ జవాబైనా ఆ విస్తట్లో పప్పే.

దానికి తోడు రహస్యం ఒకటి కాదు. మొదటిది పాతబడగానే రెండోది, దాని మీద మూడోది. వాళ్ల భాషలో వీటిని ట్రాకులంటారు. కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఇంకొకరు రాస్తారు. ఏళ్ల మీద మనుషులూ మారతారు. నటుడు మానేస్తే, ఆ పాత్రలో ఇకనుంచి ఫలానావారని ఒక కార్డు వేసి కొత్త ముఖాన్ని తెస్తారు, లేదా పాత్రనే అమెరికా పంపేస్తారు. మూడేళ్ల కిందట తప్పిపోయిన ఆ కొడుకు చేతి మీద పుట్టుమచ్చ ఏ చేతికి పెట్టారో సెట్టులో ఎవరికీ గుర్తుండదు. నానమ్మకి మాత్రం గుర్తుంటుంది.

మరి ఎప్పుడు ఆపుతారు? కథ పండినప్పుడు కాదు, అంకెలు పడిపోయినప్పుడు. ఆ స్లాటులోకి, అంటే ఆ అరగంట వేళలోకి, కొత్త సీరియల్ రాబోతోంది, ఫలానా తేదీకల్లా ముగించండి అని కబురొస్తుంది. అప్పటికే నటులు వేరేచోట కాల్షీట్లు ఇచ్చేసి ఉంటారు. కొత్తదాని ప్రోమో పగలూ రాత్రీ తిరుగుతుంటుంది. ఐదేళ్లలో తెరిచి వదిలేసిన తలుపులన్నీ పదిహేను ఎపిసోడ్లలో మూయాలి. ఆడపడుచుకి నిజంగా బుద్ధి రావాలంటే ఒక కారణం, కొంత కాలం కావాలి. ఆ రెండూ లేవు. అందుకే కాళ్ల మీద పడింది. మామగారు జైలు నుంచి ఎలా వచ్చాడో చూపించడానికి ఒక రోజు షూటింగు పడుతుంది. ఆ రోజు లేదు. అందుకే పట్టుపంచెతో నేరుగా ఫొటోలోకొచ్చాడు.

"అయితే ముందే చివర రాసిపెట్టుకుంటే సరిపోతుంది కదా!" అంది మా పిల్ల. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అమెరికాలో "హౌ ఐ మెట్ యువర్ మదర్" అని ఒక హాస్య ధారావాహిక వచ్చింది, 2005 నుంచి 2014 దాకా. మీ అమ్మని నేనెలా కలిశానంటే అని ఒక తండ్రి పిల్లలకి చెప్పుకొచ్చే కథ. పిల్లల వేషం వేసినవాళ్లు పెద్దవాళ్లయిపోతారని, వాళ్ల ఆఖరి సీనుని రెండో సీజన్ నాటికే తీసి దాచిపెట్టారు. ఈలోగా కథ తొమ్మిది సీజన్ల దాకా పెరిగింది. పాత్రలు మారిపోయాయి. చివర్లో వచ్చిన ఆ తల్లి అందరికీ తెగ నచ్చింది. కానీ దాచిన సీను ప్రకారం ఆమె చనిపోవాలి, తండ్రి పాత స్నేహితురాలి ఇంటికి వెళ్లాలి. ఆమె చావు ఆఖరి ఎపిసోడ్‌లో కొన్ని మాటల్లో దాటిపోయింది. చూసేవాళ్లు మండిపడ్డారు. తర్వాత డీవీడీలో వేరే ముగింపు కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఆరో ఏట కుట్టించిన పరికిణీని పదహారో ఏట తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇంకో రకం కూడా ఉంది. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" అనే సీరియల్ సాగలేదు, పరుగెత్తింది. 2011లో మొదలైనప్పుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలు ఆధారం. అదే ఏడు ఐదో నవల వచ్చింది, ఆరోది రాలేదు. సీరియల్ నవలల్ని దాటిపోయింది. ఆరు సీజన్ల దాకా సీజన్‌కి పది ఎపిసోడ్లు. ఏడోదానికి ఏడు, 2019లో వచ్చిన ఎనిమిదోదానికి ఆరే. అప్పటిదాకా బానిసల్ని విడిపించిన రాణి ఒక పూటలో ఊరంతా తగలబెట్టింది. ఆఖరి సీజన్ మళ్లీ తీయమని పది లక్షల పైచిలుకు మంది సంతకాలు చేశారు. నా మటుకు నాకు ఆమె అలా మారడం తప్పనిపించలేదు. మారిన దారి కనపడలేదు, అంతే. లెక్కలో జవాబు సరిగ్గానే వచ్చినా స్టెప్పులు రాయకపోతే నేను మార్కులు వేయను. మా పిల్లకి ఈ బాధ బాగా తెలుసు.

నిరాశపరచని సీరియళ్లు లేవా? ఉన్నాయి. జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన "అమృతం" గుర్తుందా? గుణ్ణం గంగరాజు సృష్టి. హోటలు పెట్టి తంటాలు పడే అమృతం, ఆంజనేయులు. ఏ వారం గొడవ ఆ వారమే తేలిపోయేది. దాచిపెట్టింది ఏమీ లేదు కాబట్టి చివర్లో తీర్చాల్సిందీ పెద్దగా లేదు.

ఇక నానమ్మ అన్నం తినకపోవడానికి వద్దాం. అది పూర్తిగా రచయిత తప్పేనా? దూరదర్శన్‌లో 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆదివారం పొద్దున్నే రామానంద్ సాగర్ "రామాయణ్" వచ్చేది. చివర ఏమవుతుందో దేశంలో తెలియనివాళ్లు లేరు. పట్టాభిషేకంతో ముగిసింది, అంతకంటే నిండైన ముగింపు ఇంకేముంటుంది? అయినా జనం ఊరుకోలేదు. లవకుశుల కథ కూడా తర్వాత తీయాల్సి వచ్చింది. రాముడి కథకి కూడా ఇక చాలు అనలేకపోయాం.

నానమ్మకి ఏడున్నర అంటే కథ ఒక్కటే కాదు. ఇంట్లో కోడలు ఉద్యోగం నుంచి రాని వేళ, పిల్లలు ట్యూషన్లో ఉన్న వేళ, రోజూ ఆ సీరియల్ ఇంటివాళ్లు వచ్చి ఎదురుగా కూర్చునేవాళ్లు. వాళ్ల కష్టం మర్నాడు పక్కింటావిడతో చెప్పుకోవడానికి ఒక మాట అయ్యేది. ఆ ఆడపడుచుని తిట్టడంలో ఒక ఊరట ఉండేది. చివర ఎంత చక్కగా రాసినా మర్నాడు ఏడున్నరకి వాళ్లు రారు. "ఇంతేనా" అన్న మాటలో సగం కథ గురించి, సగం దీని గురించి అనుకుంటాను. మొదటి సగానికి రచయితని నిలదీయవచ్చు. రెండో సగానికి ఎవర్ని?

ఇదంతా విని పిల్ల కాసేపు ఆలోచించింది. నానమ్మకి చెబుతానని వెళ్లింది. వారం తర్వాత భిన్నాల లెక్కలతో వచ్చినప్పుడు, నానమ్మ ఎలా ఉందని అడిగాను. ఆ వేళకి కొత్త సీరియల్ మొదలైందట. ఎవరో అనాథ పిల్ల, గుళ్లో పూలు అమ్ముకుంటుందట. నానమ్మ ఇక ఏదీ చూడనని రెండు రోజులు టీవీ వైపు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచిందట.

"మూడో రోజు?"

"మూడో రోజు నన్ను పిలిచి అడిగింది మాష్టారూ, ఆ పిల్ల ఎవరి కూతురో చెప్పారా అని."